చిటికెడంటే ఎంత? పిల్లల తిండిలో రంగుల లెక్క

రథసప్తమికి దేవుని కడపలో తేరు చూసి ఇంటికొచ్చాక మా చెల్లెలి కొడుకు అద్దం ముందు నిలబడి నాలుక చాపాడు. నాలుక గులాబీ రంగు. పెదాలు, గడ్డం, కుడిచేతి రెండు వేళ్లు కూడా అదే రంగు. తిరణాలలో వాడు తిన్నది ఒక్క పీచు మిఠాయి. రాత్రి సబ్బుతో రెండుసార్లు రుద్దినా వేళ్ల మీది రంగు వదల్లేదు, మర్నాడు బడికి అట్లాగే పోయాడు. చెల్లెలు వాడి తెల్ల చొక్కా తెచ్చి కాలరు మీద మరక చూపించింది. "బట్టకే ఇట్ల పట్టుకునిందే, కడుపులో ఏం చేస్తుందక్కా?"

నేను కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెబుతాను. అయినా దానికి వెంటనే జవాబు ఇవ్వలేకపోయాను. ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. పడిన రంగు ఏది? ఎంత పడింది? తిన్న పిల్లవాడి బరువెంత, వాడు రోజూ తింటాడా, ఏడాదికోసారి తింటాడా, వాడి ఒంటి తత్వం ఏమిటి? ఈ మూడింటినీ ఒకే ముద్ద చేసి మాట్లాడుకుంటాం కాబట్టే ఒకరు రంగంటే విషమే అంటారు, ఇంకొకరు మనం చిన్నప్పుడు తినలేదా, ఏమైంది అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. దేన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు. నేను చదివింది, చూసింది, తూచింది ఇక్కడ విడదీసి చెబుతాను.

రంగు ఏది?

1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు మలేరియా మందు తయారుచెయ్యాలని ప్రయోగాలు చేస్తున్నాడు. తారులోంచి వచ్చిన పదార్థంతో కుస్తీ పడుతుంటే మందు రాలేదు గానీ సీసాలో చక్కని ఊదారంగు మిగిలింది. కృత్రిమ రంగుల పరిశ్రమ అక్కడ మొదలైంది. ముందు బట్టలకు వాడారు, తర్వాత తిండికి వచ్చాయి. ఇప్పుడు చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన ముడిసరుకుతో చేస్తారు. "పెట్రోలుతో చేసిన రంగు తినిపిస్తున్నారు" అని భయపెట్టే వీడియోలు వస్తుంటాయి. జ్వరానికి మనమే ఇచ్చే పారాసిటమాల్ ముడిసరుకు కూడా అక్కడి నుంచే వస్తుంది. కాబట్టి పుట్టుకను బట్టి కాకుండా గుణాన్ని బట్టి చూడాలి.

మన దేశంలో తిండిలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు 8. ఎరుపు జాతిలో పొన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో. నీలంలో ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. మనం మార్కెట్లో చూసే మిగతా రంగులన్నీ వీటి కలయికలే. పిల్లల జెల్లీల్లో, టూటీ ఫ్రూటీలో కనిపించే ఆ మెరిసే ఆకుపచ్చ చాలాసార్లు టార్ట్రజీన్‌లో బ్రిలియంట్ బ్లూ కలిపింది.

ఈ 8 కూడా ఎక్కడ పడితే అక్కడ వెయ్యడానికి లేదు. ఐస్‌క్రీం, బిస్కెట్లు, కేకులు, మిఠాయిలు, చాక్లెట్లు, శీతల పానీయాలు, జెల్లీ, కస్టర్డ్ పొడి లాంటి వాటికే అనుమతి. మన పీచు మిఠాయి కూడా ఆ జాబితాలో ఉంది. అంటే పీచు మిఠాయికి రంగు వెయ్యడం నేరం కాదు, ఏ రంగు వేశారన్నదే సమస్య. మరోపక్క కారప్పొడి, పసుపు, పప్పులు, పాలు, టీపొడి, పచ్చి మాంసం, కూరగాయల్లో చిటికెడు కూడా వెయ్యకూడదు. సాయంత్రం బళ్ల దగ్గర ఎర్రగా నిగనిగలాడే చికెన్ కబాబులకు కూడా అనుమతి లేదు. ఇది చాలామందికి తెలియదు. అమ్మేవాళ్లలోనూ చాలామందికి తెలియదు, నేను అడిగి చూశాను.

ఈ 8 కాకుండా ఇంకో గుంపు ఉంది. రోడమిన్ బి, మెటానిల్ ఎల్లో, ఆరమిన్, మాలకైట్ గ్రీన్, సూడాన్ రంగులు. ఇవి బట్టలకు, తోలుకు, కాగితానికి, పాలిష్‌లకు వాడే రంగులు. తిండిలోకి ఎందుకు వస్తాయంటే చవక, కొంచెం వేస్తే చాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వేడికీ ఎండకీ అంత త్వరగా వెలవవు. పొట్లాలు కట్టి అమ్మేచోట కొనేవాడికి ఏది ఏదో తేడా తెలియదు.

2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు పీచు మిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. పరీక్షల్లో రోడమిన్ బి బయటపడటమే కారణం. తర్వాతి నెలలో కర్ణాటక గోబీ మంచూరియాలోనూ పీచు మిఠాయిలోనూ రంగులు కలపకూడదని ఆదేశించింది. అక్కడ పరీక్షించిన 171 గోబీ మంచూరియా నమూనాల్లో 107 తినడానికి పనికిరావని తేలింది. 25 పీచు మిఠాయి నమూనాల్లో 15 అంతే. అదే ఏడాది జూన్‌లో కబాబుల రంగుల మీద కూడా నిషేధం పెట్టింది. కడప నుంచి బెంగళూరు ఒక రాత్రి బస్సు ప్రయాణం. ముడిసరుకులు, మిఠాయి బండ్లవాళ్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

రోడమిన్ బి తింటే క్యాన్సర్ వస్తుందని ఖాయంగా రాసేస్తుంటారు. నేనైతే అంత ఖాయంగా చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల విషయంలో తేల్చడానికి ఆధారాలు సరిపోని పదార్థాల వరుసలో పెట్టింది. జంతువుల మీద చేసిన కొన్ని ప్రయోగాల్లో కణితులు వచ్చాయి. ఇంత అనుమానం ఉన్నదాన్ని పిల్లల నోట్లో పెట్టడానికి ఒక్క మంచి కారణం కూడా లేదు, నాకు ఆ మాట చాలు. మెటానిల్ ఎల్లో గురించి మరికొంత తెలుసు. 1993లో బెంగళూరులోని నిమ్హాన్స్ అనే మెదడు, మానసిక వైద్య సంస్థ పరిశోధకులు ఎలుకలకు దాన్ని చాలాకాలం తినిపించి చూశారు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాల మోతాదులు మారాయి, నేర్చుకునే పనిలో ఆ ఎలుకలు వెనకబడ్డాయి. ఎదిగే వయసు ఎలుకలకూ ఆ దెబ్బ తగిలింది.

చెల్లెలు తెచ్చిన చొక్కాను నేను కాలేజీకి తీసుకుపోయాను. దొంగనోట్లు కనిపెట్టే దీపం ఒకటి ల్యాబ్‌లో ఉంది. గది చీకటి చేసి కాలరును దాని కింద పెట్టాను. సబ్బుపొడిలో ఉండే తెలుపు మందు వల్ల చొక్కా మొత్తం నీలంగా వెలిగింది. మరక ఒక్కటి మాత్రం నారింజ నిప్పుకణికలా వెలిగింది. నా వెనక నిలబడిన పిల్లలు ఒక్కసారిగా "మేడమ్!" అన్నారు. రోడమిన్ బి అట్లాగే వెలుగుతుంది. అయితే అనుమతి ఉన్న ఎరిత్రోసిన్‌కు కూడా కొంత వెలిగే గుణం ఉంది. కాబట్టి నేను చూసింది అనుమానమే, రుజువు కావాలంటే రంగులను విడదీసి చూసే పరీక్ష చెయ్యాలి. ఆ బండి మనిషి అప్పటికే ఇంకో ఊరి తిరణాలకు వెళ్లిపోయి ఉంటాడు.

ఎంత పడింది?

రంగు ఏదన్న దాని మీద ఇంత గొడవ జరుగుతుంది గానీ ఎంత అన్న దాని మీద మన దగ్గర మాటే లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మన నిబంధనల్లో చాలా తినుబండారాలకు మామూలుగా పెట్టిన హద్దు కిలోకు 100 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల బూందీకి ఒక్క గ్రాము రంగు. మా వీధి చివర మిఠాయి అంగడి ఉంది, ముప్పై ఏళ్లుగా అక్కడే కొంటున్నాం. ఆయన్ని అడిగాను, "అన్నా, కేసరికి రంగు ఎంత వేస్తావు?"

"ఎంత లేదు మేడమ్, చిటికెడంతే."

"లడ్లకి?"

"దానికైతే ఒక చెంచా. ఎక్కువ కాదులే."

చిటికెడంటే ఎంతో చూడాలనిపించింది. ఆయన దగ్గరే కొంచెం పసుపు రంగు పొడి కాగితంలో కట్టించుకొని, తెలిసిన బంగారు అంగడికి పోయి వాళ్ల త్రాసు మీద తూచాను. ఐదుసార్లు చిటికెడు తీసి పెట్టాను. ఒకసారి 250 మిల్లీగ్రాములు, ఒకసారి 400. మిగతావి మధ్యలో. బంగారం తూచే అబ్బాయి నవ్వి, "మేడమ్, బంగారంలో ఇంత తేడా వస్తే మా అంగడి మూసుకోవాల్సిందే" అన్నాడు.

అంగళ్లలో దొరికే రంగు పొడి మొత్తం రంగే ఉండదు. అందులో ఉప్పు లాంటివి కలిపి ఉంటాయి, అసలు రంగు ఎంత శాతమో మంచి డబ్బాల మీద రాసి ఉంటుంది. సగమే రంగు అనుకుందాం. సగటున 300 మిల్లీగ్రాముల చిటికెడులో 150 మిల్లీగ్రాముల రంగు ఉంటుంది. దాన్ని కిలో కేసరికి వేస్తే హద్దు దాటినట్టే. రెండు కిలోలకు వేస్తే లోపలే ఉన్నట్టు. ఇక పది కిలోల బూందీకి నిండు చెంచా అంటే 4 గ్రాముల పొడి అనుకుందాం. అందులో రంగు 2 గ్రాములు, హద్దుకు రెట్టింపు. అనుమతి ఉన్న రంగే వాడినా, మనిషి నిజాయితీపరుడే అయినా, చేతి కొలత వల్లే హద్దు దాటిపోతుంది. ముందు పోసిన పాకంలో రంగు కనబడలేదని ఇంకొంచెం విదిలిస్తే ఇక లెక్కే లేదు.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందట ఆ నగరంలో పిల్లలు ఏం తింటున్నారో, అందులో రంగు ఎంతో లెక్క కట్టారు. కొంతమంది పిల్లల్లో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ సురక్షిత మోతాదును దాటాయి. ఎందుకు దాటాయో కూడా వాళ్లు చెప్పారు. పిల్లలు రంగు తిండి మరీ ఎక్కువ తిన్నందుకు కాదు, తిన్న కొంచెంలోనే రంగు ఎక్కువగా ఉన్నందుకు. తల్లులను తిట్టేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలని నా కోరిక.

సురక్షిత మోతాదు అన్నాను కదా, అది ఎట్లా కడతారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, జాగ్రత్త కొంత పెరుగుతుంది. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదును తీసుకొని, మామూలుగా దాన్ని నూరుతో భాగిస్తారు. రోజూ, జీవితాంతం తిన్నా పరవాలేదనుకునే మోతాదు అది. ఒక పూట దాటినంత మాత్రాన విషం ఎక్కదు. నాలుగేళ్ల పిల్లవాడు 15 కిలోలు ఉన్నాడనుకోండి. టార్ట్రజీన్‌కు యూరప్ పెట్టిన హద్దు ఒంటి బరువు కిలోకు 7.5 మిల్లీగ్రాములు, అంటే ఈ పిల్లవాడికి రోజుకు 112. కిలోకు 100 మిల్లీగ్రాముల రంగున్న మిఠాయి అయితే వాడు కిలోకు పైగా తింటే గానీ అది దాటడు. పొన్సో 4ఆర్‌కు అదే యూరప్ 2009లో హద్దును కిలోకు 4 నుంచి 0.7కు దించింది. ఈ లెక్కన ఆ పిల్లవాడికి రోజుకు 10.5 మిల్లీగ్రాములే. మిఠాయిలో రంగు హద్దులోనే ఉంటే వంద గ్రాములకు అక్కడికి చేరతాడు. చెంచా కొలతతో రెట్టింపు పడితే యాభై గ్రాములు చాలు, అంటే ఒక లడ్డు. ఎరిత్రోసిన్ హద్దు ఇంకా చిన్నది, కిలోకు 0.1. ఆ పిల్లవాడికి రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాము. కిలోకు 100 లెక్కన రంగుంటే 15 గ్రాముల మిఠాయితో అయిపోతుంది.

అంటే అనుమతి ఉన్న రంగుల్లో కూడా అన్నీ ఒకటి కాదు. పెద్దవాడు తింటే పరవాలేని ముక్క, పిల్లవాడి బరువుకు పరవాలేదని చెప్పలేం. బరువు నాలుగో వంతు, ఆశ మాత్రం నాలుగింతలు.

ఇదే ఎరిత్రోసిన్‌ను అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో తిండి నుంచి తీసెయ్యాలని ఆదేశించింది, కంపెనీలకు 2027 జనవరి వరకు గడువు ఇచ్చింది. మగ ఎలుకలకు పెద్ద మోతాదుల్లో ఇచ్చినప్పుడు థైరాయిడ్ కణితులు వచ్చాయి. మనుషుల్లో అట్లా జరుగుతుందని ఆధారం లేదని ఆ సంస్థే చెప్పింది, అయినా జంతువుల్లో క్యాన్సర్ కలిగించేది దేన్నీ తిండిలో అనుమతించకూడదని అక్కడి చట్టం. 1990లోనే సౌందర్య సాధనాల్లో దాన్ని ఆపేశారు, తిండిలో ఆపడానికి ఇంకో 35 ఏళ్లు పట్టింది. దేశానికో తీరు అనడానికి ఇంకో సంగతి కూడా ఉంది. మన దగ్గర అనుమతి ఉన్న కార్మోయిసిన్, పొన్సో 4ఆర్ అమెరికాలో చెల్లవు. మన ఫాస్ట్ గ్రీన్ యూరప్‌లో చెల్లదు. అక్కడ నిషేధించారు కాబట్టి విషమే అనుకోవడం ఎంత తప్పో, ఇక్కడ అనుమతించారు కాబట్టి నీళ్లలాంటిదే అనుకోవడం అంతే తప్పు.

పిల్లలు ఎగరడానికి రంగులే కారణమా?

ఇది తల్లులు ఎక్కువగా అడిగేది. పుట్టినరోజు పార్టీ నుంచి వచ్చిన రాత్రి పిల్లలు నిద్రపోరు, మాట వినరు, మంచం మీద దూకుతుంటారు. కేకు మీది రంగు వల్లనా?

1970ల్లో అమెరికాలో బెంజమిన్ ఫైన్‌గోల్డ్ అనే అలెర్జీ డాక్టరు ఈ మాట మొదట గట్టిగా అన్నాడు. అప్పటి నుంచి వాదన నడుస్తూనే ఉంది. అందరూ చెప్పుకునే ప్రయోగం 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు మూడేళ్ల పిల్లలు 153 మందిని, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలు 144 మందిని తీసుకున్నారు. కొన్ని వారాలు రంగులు, సోడియం బెంజోయేట్ అనే నిల్వ మందు కలిపిన పండ్లరసం ఇచ్చారు, కొన్ని వారాలు చూడ్డానికీ రుచికీ అట్లాగే ఉండే ఉత్త రసం ఇచ్చారు. ఏ వారం ఏది ఇచ్చారో పిల్లలకు, తల్లిదండ్రులకు, టీచర్లకు తెలియదు. రంగులున్న రోజుల్లో పిల్లల్లో చంచలత్వం సగటున కొద్దిగా పెరిగింది.

ఆ కొద్దిగా అన్న మాట దగ్గర ఆగాలి. పెరుగుదల చిన్నది. అందరు పిల్లల్లో ఒకేలా లేదు, కొందరిలో బాగా కనిపించింది, కొందరిలో ఏమీ లేదు. రంగులన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి ఏ రంగు చేసిందో, రంగు చేసిందో బెంజోయేట్ చేసిందో చెప్పడానికి లేదు. ఒంట్లో హిస్టమిన్ అనే రసాయనాన్ని విరిచే జన్యువులో తేడా ఉన్న పిల్లల్లో ప్రభావం ఎక్కువగా ఉందని అదే పరిశోధకుల తర్వాతి విశ్లేషణలో తేలింది. అంటే ఒకే ఇంట్లో ఒకే లడ్డు తిన్న అన్నదమ్ముల్లో ఒకడు ఎగరొచ్చు, ఒకడు మామూలుగా ఉండొచ్చు. "మా పెద్దోనికి ఏం కాలేదు" అన్న వాదన అందుకే నిలబడదు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈ ప్రయోగాన్ని పరిశీలించి, దీన్ని బట్టి మోతాదులు మార్చలేమని 2008లో చెప్పింది. అయినా అక్కడి చట్టసభ ఊరుకోలేదు. 2010 జులై నుంచి ఆ ప్రయోగంలోని ఆరు రంగుల్లో ఏది ఉన్నా, పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద చెడు ప్రభావం చూపవచ్చని ప్యాకెట్ మీద రాయాలని నిబంధన పెట్టింది. హెచ్చరిక అచ్చు వెయ్యడం కంటే రంగు మార్చుకోవడమే మేలని చాలా కంపెనీలు బీట్‌రూట్ వైపు, మిరప వైపు, పసుపు వైపు మళ్లాయి. ఆ ఆరింటిలో నాలుగు మన జాబితాలో ఉన్నవే. టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పొన్సో 4ఆర్. మన ప్యాకెట్ల మీద ఆ హెచ్చరిక ఉండదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. 2021లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఇంకో ముఖ్యమైన మాట చెప్పారు. అమెరికాలో వాడుతున్న సురక్షిత మోతాదులకు ఆధారం 35 నుంచి 70 ఏళ్ల కిందటి ప్రయోగాలని, పిల్లల ప్రవర్తనలో మార్పు కనిపెట్టేలా వాటిని రూపొందించలేదని. ఎలుక కాలేయం బాగుందా లేదా అని చూసిన ప్రయోగం, రెండో తరగతి పిల్లవాడు కుదురుగా కూర్చున్నాడా లేదా చెప్పలేదు కదా.

పార్టీ రాత్రి ఎగురుడుకు తీపిని తిట్టేవాళ్లు కూడా ఉన్నారు. చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారదని 1995 నాటికే చాలా ప్రయోగాలను కలిపి చూసి తేల్చారు. చక్కెర వల్ల పళ్లు పాడవుతాయి, బరువు పెరుగుతారు, అది వేరే సంగతి. ఇరవై మంది పిల్లలు, పాటలు, బుడగలు, పది దాటినా నిద్రపోకపోవడం, వీటికి కూడా వాటా ఇవ్వాలి. మీ పిల్లవాడి మీద నిజంగా అనుమానం ఉంటే రెండు మూడు వారాలు రంగు తిండి పూర్తిగా ఆపి, రోజూ సాయంత్రం ఒక్క వాక్యం నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత మళ్లీ ఇచ్చి చూసి రాయండి. ఆ నోట్‌బుక్ తీసుకొని పిల్లల డాక్టరు దగ్గరికి పోతే ఆయనకు పని సులువవుతుంది. ఏకాగ్రత సమస్య నిజంగానే ఉన్న పిల్లలకు రంగు మానిపించడమే వైద్యం అనుకొని కూర్చుంటే మాత్రం విలువైన ఏళ్లు పోతాయి.

ఒంటి మీద దద్దుర్లు వేరు. టార్ట్రజీన్ కొద్దిమందిలో దద్దుర్లు, ఉబ్బసం రేపుతుంది. రంగు ఐసు తిన్న ప్రతిసారీ దద్దుర్లు వస్తుంటే అది టెన్షన్ పడి వదిలేసే విషయం కాదు, డాక్టరుకు చూపించాలి. పిల్లల సిరప్పుల్లోనూ రంగులుంటాయని గుర్తుంచుకొని సీసా కూడా తీసుకుపోండి.

ప్యాకెట్ వెనక, ప్యాకెట్ లేని చోట

ప్యాకెట్ ఉంటే మన పని సులువు. వెనక చిన్న అక్షరాల్లో అంకెలుంటాయి. 102 టార్ట్రజీన్, 110 సన్‌సెట్ ఎల్లో, 122 కార్మోయిసిన్, 124 పొన్సో 4ఆర్, 127 ఎరిత్రోసిన్, 132, 133 నీలాలు, 143 ఆకుపచ్చ. 100 కనిపిస్తే కంగారుపడకండి, అది మన పసుపులోని రంగే. 162 బీట్‌రూట్. 160బి జాఫ్రా గింజల రంగు. మా క్లాసు పిల్లలకు ఈ అంకెలు రాసిచ్చి ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ చూసి రమ్మన్నాను. ఒక అమ్మాయి తమ్ముడి స్కూల్ బ్యాగులోంచి తెచ్చిన ఐదు రూపాయల జెల్లీ ప్యాకెట్ మీద నాలుగు అంకెలు వరసగా ఉన్నాయి. వాళ్ల తమ్ముడికి ఆ రోజు నుంచి అక్క పోలీసు అయిపోయింది.

ప్యాకెట్ లేని చోటే కష్టం. బడి గేటు దగ్గర పుల్ల ఐసు, వేళ్లకు తొడుక్కొని తినే రంగు గొట్టాలు, ఉరుసులో బత్తాసులు, చక్కెర చిలకలు, పెళ్లిలో పచ్చగా మెరిసే బూందీ. చట్టం మొత్తం లేబుల్ చుట్టూ తిరుగుతుంది, మన పిల్లలు తినేదాంట్లో సగం లేబుల్ లేనిది. అందుకే నాకు యూరప్ వాదనల కంటే చిటికెడు గురించి ఎక్కువ దిగులు.

వంటింట్లో దాక్కున్న రంగు ఇంకా ప్రమాదం. పిల్లలు పీచు మిఠాయి ఏడాదికి నాలుగుసార్లు తింటారేమో, పసుపు, కారం రోజుకు మూడుపూటలా తింటారు. కడప మార్కెట్ యార్డుకు కొమ్ములు తెచ్చే రైతుల మధ్య బతుకుతూ కూడా మనం పొడి పొట్లం కొనుక్కుంటున్నాం. పసుపులో మెటానిల్ ఎల్లో కలిసినా చెడే, సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిస్తే ఇంకా చెడు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య రెండో మాట లేదు. ఇందాకటి రంగుల్లాంటి ఊగిసలాట ఇక్కడ లేదు. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతుకుతూ పోయిన పరిశోధకులు చివరికి పసుపు దగ్గర తేలారు. 2019లో అక్కడి మార్కెట్ పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంది. ప్రభుత్వం దాడులు చేసి, జరిమానాలు వేసి, ఊరూరా చెప్పింది. 2021 కల్లా అది సున్నాకు వచ్చింది. రెండేళ్లలో. మన దగ్గర ఎందుకు కాకూడదు అని నేను ప్రతి సభలోనూ అడుగుతుంటాను.

కారానిదీ అదే కథ. 2003లో మన దేశం నుంచి వెళ్లిన మిరప సరుకులో సూడాన్ రంగు ఫ్రాన్స్‌లో దొరికింది, యూరప్ అంతా పరీక్షలు బిగించింది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్ ద్వారా అదే రంగు వందల రకాల తినుబండారాల్లోకి పోయిందని తెలిసి అన్నీ వెనక్కి తెప్పించారు. వాళ్లకు పంపే మిరపకు అప్పటి నుంచి ల్యాబ్ కాగితం ఉంది. మనం తినే మిరపకు కూడా ఉండాలి కదా.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి, వాటి హద్దులు తెలుసుకొని చెయ్యాలి. గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేసి కదపకుండా వదిలేస్తే మంచి పసుపు అడుగుకు దిగి పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు చిక్కటి పసుపైతే అనుమానించాలి. కారం నీళ్ల మీద చల్లితే రంగు చారలు చారలుగా కిందికి జారకూడదు. ఈ పరీక్ష సూడాన్‌ను పట్టుకోలేదు, ఎందుకంటే అది నీళ్లలో కరగదు. అందుకే నా మటుకు నేను పరీక్షలకంటే కొమ్ములు, కాయలు కొని మర పట్టించుకోవడాన్నే నమ్ముతాను. ల్యాబ్ జవాబే కావాలంటే, కొన్నవాళ్లెవరైనా రుసుము కట్టి నమూనాను పరీక్ష చేయించుకునే హక్కు 2006 ఆహార భద్రతా చట్టంలో ఉంది. జిల్లాలో ఫుడ్ సేఫ్టీ అధికారులుంటారు, వాళ్లకు రాసి ఇవ్వవచ్చు. ఒక్కరు రాస్తే ఒక కాగితం. ఒక బడి తల్లిదండ్రులంతా సంతకాలు పెట్టి రాస్తే గేటు దగ్గరికి మనిషి వస్తాడు.

మళ్లీ మా మిఠాయి అంగడి అన్న దగ్గరికి వస్తాను. బంగారు త్రాసు లెక్క కాగితం మీద రాసి చూపించాను. మొదట కోపం వచ్చింది ఆయనకు. "నేనేమన్నా మోసం చేస్తాండానా మేడమ్? మా నాయన కాలం నుంచి ఇదే చెంచా." ఆ మాట నిజం, చెంచా పాతదే, వంకర తిరిగి అరిగిపోయి ఉంది. రంగు డబ్బా చూపించమంటే ప్లాస్టిక్ కవరు తీశాడు. దాని మీద పేరు లేదు, అంకె లేదు, లైసెన్సు నంబరు లేదు. కిలోల లెక్కన తెచ్చి పొట్లాలు కట్టే ఒకతని దగ్గర కొంటాడట. అందులో ఏముందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. చెంచా లెక్క పక్కన పెట్టి ముందు ఆ కవరు మార్చమన్నాను.

రెండు వారాల తర్వాత పిలిచాడు. పేరు, అంకె, లైసెన్సు నంబరు ఉన్న కొత్త డబ్బా తెచ్చుకున్నాడు. పక్కన రెండు పళ్లాలు పెట్టాడు. ఒకటి ఎప్పటి రంగు బూందీ. రెండోది శనగపిండికి ఉండే సహజమైన లేత పసుపుతో, ఏ రంగూ లేకుండా. "రుచి ఒకటే మేడమ్. కానీ దీన్ని చూసి వాడిపోయిందేంది అంటాండారు జనం. పొద్దుటినుంచి అరకిలో పోలేదు."

నేను ఆ రెండో పళ్లెంలోంచి కిలో కట్టించుకున్నాను. మా చెల్లెలి కొడుకు దోసిలి నిండా తీసుకొని తిన్నాడు, చేతులు చూసుకున్నాడు, నాలుక చాపి అద్దంలో చూసుకున్నాడు. "పెద్దమ్మా, ఏం రాలేదే" అన్నాడు, కొంచెం నిరాశగా, ఇంకా కొంచెం పెట్టమని చెయ్యి చాస్తూ.